డిస్క్ ఫుల్ అంటోందా? పాత బిల్లులు డిలీట్ కొట్టకండి.. అసలు జాగా తినేది ఇవే!

వరంగల్: పత్తి, మిర్చి సీజన్ వచ్చిందంటే ఎనుమాముల మార్కెట్ యార్డు కిటకిటలాడుతుంది. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరున్న యార్డు ఇది. కాంటా అయ్యాక రైతు చేతికి తక్‌పట్టీ రావాలి. సరిగ్గా అప్పుడే అడ్తి దుకాణంలో కంప్యూటర్ ‘డిస్క్ ఫుల్’ అని ఆగిపోతే? అటు రైతుకు, ఇటు వ్యాపారికి, మధ్యలో గుమస్తాకు.. ముగ్గురికీ తిప్పలే. హన్మకొండలో మెడికల్ షాపైనా, స్టేషన్ రోడ్‌లో కిరాణా హోల్‌సేల్ అయినా పాత కంప్యూటర్, చిన్న డిస్క్ ఉన్నచోట ఇదే కథ. వెంటనే గుర్తొచ్చే ఉపాయం.. పాత బిల్లులు డిలీట్ చేయడం. కానీ దాంతో జాగా రాదు సరికదా, కొత్త చిక్కు వస్తుంది. ఎందుకో చూద్దాం.

బిల్లులు తినేది కొంచెమే..

ఒక చిన్న లెక్క వేద్దాం. రోజుకు 400 బిల్లులు, ఒక్కో బిల్లుకు 2 కేబీ అనుకుంటే రోజుకు 800 కేబీ. ఏడాదికి సుమారు 290 ఎంబీ. ఆరేళ్లకు కూడా 2 జీబీ దాటదు. ఇండెక్సులు కలిపి రెట్టింపు అనుకున్నా 4 జీబీ లోపే. మరి 128 జీబీ డిస్క్ ఎలా నిండుతోంది?

జాగా తినేది ఎవరు?

స్కాన్ కాపీలు: 2 ఎంబీ ఫొటోలు రోజుకు 50 ఎక్కిస్తే ఏడాదికి 36 జీబీ! ఫొటోలను డేటాబేస్‌లో పెట్టకుండా వేరే ఫోల్డర్‌లో, వీలైతే వేరే డిస్క్‌లో ఉంచి, సైజు తగ్గించి సేవ్ చేస్తే చాలా ఊరట.

లాగ్ ఫైళ్లు: మైఎస్‌క్యూఎల్ 8లో బైనరీ లాగ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. 30 రోజుల లాగ్ దాచుకుంటుంది. రోజూ బ్యాకప్ తీసే ఒంటరి కంప్యూటర్‌కు వారం రోజులది సరిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫుల్ రికవరీ మోడల్ పెట్టి, లాగ్ బ్యాకప్ తీయకపోతే ఆ ఫైల్ పెరుగుతూనే ఉంటుంది. అలాగని లాగ్ ఫైళ్లను ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో డిలీట్ చేయొద్దు. డేటాబేస్ మళ్లీ తెరుచుకోకపోవచ్చు. సెట్టింగ్ మార్చడం, కమాండ్ ఇవ్వడమే సరైన దారి.

పాత బ్యాకప్‌లు: రోజుకో కాపీ అదే డిస్క్‌లో పేరుకుపోతుంది. డిస్క్ పోతే అసలూ పోతుంది, బ్యాకప్పూ పోతుంది. వాటిని బయటి హార్డ్‌డిస్క్‌కు మార్చాలి.

డిలీట్ చేసినా సైజు ఎందుకు తగ్గదు?

గోడౌన్‌లో బస్తాలు తీసేస్తే గోడలు దగ్గరికి జరగవు కదా! డేటాబేస్ కూడా అంతే. బిల్లు డిలీట్ చేస్తే లోపల ఖాళీ అవుతుంది, ఫైల్ సైజు మాత్రం మామూలుగా అలాగే ఉంటుంది. కొత్త బిల్లులు ఆ ఖాళీలో కూర్చుంటాయి. ఫైల్‌ను నిజంగా కుదించాలంటే ఎస్‌క్యూలైట్‌లో వాక్యూమ్, మైఎస్‌క్యూఎల్‌లో ఆప్టిమైజ్ టేబుల్, పోస్ట్‌గ్రెస్‌లో వాక్యూమ్ ఫుల్ కమాండ్ ఇవ్వాలి.

ఇక్కడే మెలిక ఉంది. ఇవి డేటాను కొత్తగా రాసుకుంటాయి కాబట్టి ఆ పని జరిగేటప్పుడు అదనపు జాగా కావాలి. ఎస్‌క్యూలైట్‌కైతే ఫైల్ సైజుకు రెండింతల దాకా ఖాళీ అవసరం పడొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో వాక్యూమ్ ఫుల్ నడుస్తున్నంతసేపు ఆ టేబుల్‌ను ఎవరూ వాడలేరు. అందుకే డిస్క్ పూర్తిగా నిండకముందే, షాపు కట్టేశాక రాత్రిపూట చేయాలి.

ఇంకో సంగతి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో చాలా వెర్షన్లకు ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి ఉంది. 2025 వెర్షన్‌లో దాన్ని 50 జీబీకి పెంచారు. పరిమితి తగిలితే డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా కొత్త ఎంట్రీలు ఆగిపోతాయి. అప్పుడు పెద్ద డిస్క్ కొన్నా లాభం లేదు.

స్లో అయితే ఏం చేయాలి?

రైతు పేరు కొట్టగానే ఖాతా రావాలంటే ఆ కాలమ్‌కు ఇండెక్స్ ఉండాలి. లేకపోతే లెడ్జర్ మొత్తం మొదటి పేజీ నుంచి తిరగేసినట్టే. అయితే కనిపించిన ప్రతి కాలమ్‌కూ ఇండెక్స్ పెడితే జాగా పోతుంది, బిల్లు సేవ్ కావడం నెమ్మదిస్తుంది. రోజూ వెతికే వాటికే పెట్టాలి. ఇక తిరిగే హార్డ్‌డిస్క్ సెకనుకు వందా, నూటయాభై చోట్ల మాత్రమే చదవగలదు. ఎస్‌ఎస్‌డీ వేల చోట్ల చదువుతుంది. అదే ఎస్‌ఎస్‌డీ అంచుదాకా నిండితే అదీ నెమ్మదిస్తుంది. 15 నుంచి 20 శాతం ఖాళీ ఉంచడం మంచిది.

పాత బిల్లులు ఎందుకు ఉంచాలి?

జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం రిజిస్టర్డ్ వ్యాపారులు ఖాతాలు, రికార్డులను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఉదాహరణకు 2024-25 ఏడాదికి గడువు 2025 డిసెంబర్ 31. అంటే ఆ బిల్లులు 2031 డిసెంబర్ 31 వరకు ఉండాల్సిందే. అప్పీల్, విచారణ నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం కావాల్సి రావొచ్చు. రేపు అధికారి అడిగితే ‘డిస్క్ నిండింది సార్’ అంటే కుదరదు.

సీజన్‌కు ముందే ఈ వరుసలో చేయండి..

1. ఏ ఫైల్ ఎంత ఉందో ముందు చూడండి. లెక్క తెలియకుండా ఏదీ తీసేయొద్దు.
2. బయటి డిస్క్‌కు బ్యాకప్ తీయండి. నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ను కాపీ కొడితే అది బ్యాకప్ కాదు. సాఫ్ట్‌వేర్‌లోని బ్యాకప్ ఆప్షనే వాడండి. వేరే కంప్యూటర్‌లో తెరిచి సరిచూసుకోండి.
3. పాత బ్యాకప్‌లు, స్కాన్ కాపీలు బయటికి మార్చండి. లాగ్ సెట్టింగ్ సరిచేయండి.
4. అప్పటికీ చాలకపోతే పాత ఏడాదుల డేటాను వేరే ఫైల్‌గా భద్రపరచండి. ట్యాలీలో దీనికి స్ప్లిట్ ఆప్షన్ ఉంది.
5. చివరగా కుదించే కమాండ్.

ఇవన్నీ అయ్యాక కూడా సరిపోకపోతే అప్పుడు కొత్త డిస్క్ కొనండి. అంతేకానీ మొదటి వేటు బిల్లుల మీద వద్దు.