పలికే చేతులు

2024 డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉస్తాద్ జాకీర్ హుస్సేన్ కన్నుమూశారన్న వార్త చదివినప్పుడు, నాకు మొట్టమొదట జ్ఞప్తికి వచ్చింది ఆయన తబలా కాదు, ఆయన నోరు.

అప్పట్లో నేను ఢిల్లీలో ఆంగ్ల సాహిత్యం ఎం.ఏ. చదువుతున్నాను. 1977లో ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఆచార్య కిరణ్ సేఠ్ ప్రారంభించిన స్పిక్ మెకే సంస్థ పుణ్యమా అని, టిక్కెట్టు కొనే తాహతు లేని విద్యార్థులకు కూడా మహావిద్వాంసుల ఎదుట కూర్చునే భాగ్యం కలిగేది. అవి కచేరీలు మాత్రమే కావు, సోదాహరణ ప్రసంగాలు. వాయించి, ఆపి, అందులోని కిటుకు విప్పి చెప్పేవారు.

జాకీర్ ముందుగా బోలును నోటితో పలికేవారు. మరుక్షణం అదే వాక్యం వేళ్ల నుంచి వినిపించేది. ఎడమచేత 'ఘే', కుడిచేత 'నా' ఏకకాలంలో పలికితే 'ధా' అవుతుంది. అకారమూ ఇకారమూ కలిసి ఏకారమైనట్లు! గుణసంధిని చేతులతో చేయడం నేనక్కడే చూశాను. తరువాత రైలుబండి పరుగెత్తింది, శివుని డమరుకం మోగింది. హాలంతా నవ్వులు, చప్పట్లు. నేను మాత్రం నా చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాను.

పదేళ్ల వయసులో మృదంగం నేర్చుకుంటానని పట్టుబడితే, మా ఊరి గురువుగారొకరు నా అరచేతులు తిప్పి చూసి, "ఆడపిల్లవి, వీణ నేర్చుకో తల్లీ. ఈ చేతులు దీనికి చాలవు" అన్నారు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో, ప్రేమగా అన్నారు. నాన్నగారు తలూపారు. ఏలూరులో పుట్టిన దండమూడి సుమతిగారు అప్పటికే భర్త రామమోహనరావుగారితో జంటగా వేదికలపై మృదంగం వాయిస్తున్నారని మా ఇంట ఎవరికీ తెలియదు. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

నిజానికి ఇది కండబలంతో పని కాదు. తబలాలో ప్రాచీనమైన ఢిల్లీ బాణీకి ఆధారం చూపుడువేలు, నడిమివేలు; దరువు ఎక్కువగా అంచుమీదే. ఇక నాదమంటారా, అది నడుమనున్న నల్లని కరణి మహిమ. మామూలు చర్మవాద్యంలో పుట్టే ఉపస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. బరువైన ఈ పూత వల్లనే మృదంగమూ తబలా తీగవాద్యాల వలె శ్రుతిబద్ధంగా పలుకుతాయని సి.వి. రామన్, శివకాళీ కుమార్ 1920లో 'నేచర్' పత్రికలో వివరించారు.

పాతికేళ్లుగా ఒకరి మాటలను మరొక భాషలోకి మార్చడమే నా వృత్తి. గత సంవత్సరం, నలభై దాటిన తరువాత, ఢిల్లీలోనే ఒక మృదంగ గురువును ఆశ్రయించాను. వయసులో నాకంటె చిన్నవారు. ఆయన నా చేతులు చూడనైనా లేదు. ఎడమవైపు చర్మానికి బొంబాయి రవ్వ తడిపి అంటించమన్నారు. నీళ్లెక్కువై ముద్ద జారిపోయింది.

"మళ్లీ కలపండమ్మా" అన్నారు.