ఫ్రిజ్‌కు ఉక్కపోత

మొన్న వేసవి సెలవులలో మా వూరు పెద్దకొడప్‌గల్ వెళ్ళాను. కామారెడ్డి జిల్లాలో మే నెల ఎండ సంగతి చెప్పనక్కరలేదు. బస్సు దిగి అక్క ఇంటికి చేరేసరికి నాలుక పిడచకట్టుకు పోయింది. ఫ్రిజ్ తెరిచి సీసా అందుకున్నాను. నీళ్ళు గోరువెచ్చగా వున్నాయి!

"రాత్రి బందు పెట్టిన తమ్మీ! ఇంకా సల్లగ కాలేదు," అన్నది అక్క.

"అదేమిటక్కా?"

"పోయిన నెల 214 యూనిట్లు గాలినయట. రెండువందలు దాటినందుకు మొత్తం బిల్లు కట్టిన."

గృహజ్యోతి పథకం 2024లో వచ్చింది. అర్హులైన ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్న. ఆ గీత దాటితే దాటిన పద్నాలుగు యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. అక్క భయం న్యాయమైనదే. కాని తలుపు అరలో ఆమె ఇన్సులిన్ సీసాలు కనబడగానే నా గుండె జల్లుమంది. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుండాలి. వేసవిలో రాత్రంతా ఫ్రిజ్ ఆపితే పాలు విరిగినట్టు కంటికి కనబడదు గాని, మందు సత్తువ తగ్గిపోవచ్చు. పొదుపు చేయబోయి ప్రాణం మీదికి తెచ్చుకోవడమంటే ఇదే.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. యంత్రాల పండితుణ్ణి కాను. అయినా ఒక చిన్న సంగతి తెలిస్తే చాలు. ఫ్రిజ్ చలిని పుట్టించదు. లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది, అంతే. పారబోయడానికి చోటు లేకపోతే కంప్రెసరు ఎడతెరపి లేకుండా రొప్పుతూనే వుంటుంది.

అక్క ఫ్రిజ్ వెనుక వీపు గోడకు అతుక్కుని వుంది. పక్కనే గ్యాసు పొయ్యి. పైన దుప్పటి, దాని మీద పాత పత్రికలు. పాపం, దానికే ఉక్కపోత!

నేనూ, మేనల్లుడూ కలిసి దాన్ని పొయ్యికి దూరంగా జరిపి, వెనుక బెత్తెడు ఎడం వదిలాం. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, వెనుక తీగల మీద దుమ్ము దులిపాం. ఫ్రీజరులో రెండు వేళ్ళ మందాన మంచు పేరుకున్నది. అది చలికి బలం కాదు, చలికి అడ్డుగోడ. మందును పక్కింటి ఫ్రిజ్‌లో దాచి, మంచు కరగనిచ్చాం. చాకుతో గీకలేదు, గీకితే గొట్టం చిల్లిపడుతుంది.

తరువాత తలుపు సందున పది రూపాయల నోటు పెట్టి మూశాను. లాగితే సులువుగా జారి వచ్చింది. అంటే రబ్బరు వదులైంది. చల్లదనం పగలూ రాత్రీ కారిపోతున్నది. కొత్త రబ్బరు వేయించాం. కూరలు చల్లారాకే, మూతపెట్టి లోపల వుంచమని చెప్పాను. మందు తలుపు అరలో కాకుండా మధ్య అరలో పెట్టాను. ఫ్రీజరులో మాత్రం పెట్టరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

కొత్త ఫ్రిజ్ కొనేవారికి ఒక మాట. 2006లో మొదలైన నక్షత్రాల చీటీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో వుంటుంది. నక్షత్రాలతో పాటు ఆ అంకె కూడా చూడండి. కొలతలు అప్పుడప్పుడు బిగిస్తారు గనుక పాత అయిదు నక్షత్రాలూ, కొత్త అయిదు నక్షత్రాలూ ఒకటి కావు. అవసరానికి మించిన పెద్ద పెట్టె కొనడమూ దండుగే.

తాగే నీళ్ళకు మాత్రం మన రంజన్ వుండనే వుంది. చెమర్చిన నీరు ఆవిరై పోతూ లోపలి వేడిని వెంట తీసుకుపోతుంది. దానికి మీటరు లేదు. సీసా కోసం గంటకు పదిసార్లు ఫ్రిజ్ తలుపు తెరిచే పనీ తప్పుతుంది.

జూన్ బిల్లు వచ్చాక అక్క ఫోను చేసింది: "188, తమ్మీ!"

వానలు పడి ఫ్యానుకు కొంత విశ్రాంతి దొరికిన మాట నిజమే. ఆ పుణ్యమంతా ఫ్రిజ్‌కు కట్టబెట్టను. కాని అక్క ఇప్పుడు రాత్రిళ్ళు దాన్ని ఆపడంలేదు. నాకు అదే చాలు.