చిమ్మిలి పదకొండు రోజులే

ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఆడపిల్ల పెద్దమనిషైతే మేనత్త నువ్వుల చిమ్మిలి దంచి తెస్తుంది. అమ్మమ్మ మినప సున్నుండలు చుడుతుంది. నడుం గట్టిపడాలి, తినవే అంటూ బతిమాలి మరీ పెడతారు. నువ్వులు, బెల్లం, మినుములు, నెయ్యి... ఏ డాక్టరూ ఇంతకన్నా మంచి చీటీ రాయలేడు. తొమ్మిదో రోజో పదకొండో రోజో నీళ్లు పోసి ఫంక్షన్ చేస్తారు. ఆ మర్నాటి నుంచి కంచంలో మళ్లీ తెల్లన్నం, పల్చటి చారు, పచ్చడి. నెలనెలా రక్తం పోవడం మాత్రం అప్పుడే మొదలవుతుంది.

13–15 ఏళ్ల పిల్లకు రోజుకు సుమారు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలని ఐసీఎంఆర్ లెక్క. అన్నం, చారుతో అందులో సగం కూడా రాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 60 మందికి రక్తం తక్కువ. సజ్జ, కొర్ర, జొన్న ఈ మెట్ట నేలల పాత పంటలే. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చి ఆకలి తీర్చింది, కాదనలేం. సజ్జరొట్టె ఖాళీ చేసిన చోటులోకి పప్పూ ఆకుకూరా రాకపోవడమే చిక్కు.

తిన్న కాస్తనూ ఇక్కడి ఫ్లోరైడ్ నీళ్లు ఒంటపట్టనివ్వవు. మన దేశంలో ఫ్లోరోసిస్ 1937లో తొలిసారి వైద్య పత్రికకెక్కింది నాటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, కనిగిరి, దర్శి అప్పట్లో ఆ జిల్లావే. ఫ్లోరైడ్ పేగు పొరను దెబ్బతీస్తుంది. ఢిల్లీలో డాక్టర్ ఎ.కె. సుశీల బృందం గర్భిణులకు ఫ్లోరైడ్ తగ్గించి, తిండి మెరుగుపరిస్తే హిమోగ్లోబిన్ పెరిగింది. ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు తెస్తామంటూ వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసింది 1996లో. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లకు ఇప్పటికి పిల్లలు పుట్టి బడికి వెళ్తుంటారు.

బడిలో మేలే జరుగుతోంది. గుడ్డు, రాగిజావ, చిక్కీ, వారానికో ఐరన్ మాత్ర. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ మధ్యాహ్న భోజనం. అయితే మిరప కోతలొచ్చాయంటే అమ్మానాన్నలతో పాటు పిల్లా గుంటూరు, పల్నాడు చేలకు వెళ్తుంది. గుడ్డూ మాత్రా బడిలోనే ఉండిపోతాయి. ఇక చదువు ఆపేసిన పిల్ల పేరు బడి రిజిస్టర్‌లోనే ఉండదు. పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు అంగన్‌వాడీకి గుర్తొస్తుంది. రాష్ట్రంలో 15–19 ఏళ్ల వాళ్లలో 12.6 శాతం అప్పటికే తల్లులో, గర్భిణులో. దేశ సగటుకు ఇది దాదాపు రెట్టింపు.

2021లో కేంద్రం తెచ్చిన పోషణ్ 2.0లో 14–18 ఏళ్ల కిశోర బాలికలకు పోషకాహారం ఉంది. కాకపోతే ఈశాన్య రాష్ట్రాలకూ, ‘ఆకాంక్షిత’ జిల్లాలకూ మాత్రమే. ఆ జాబితాలో కడప ఉంది, ఉమ్మడి ప్రకాశం లేదు. ఇటు కొమరోలు దాటి కడప జిల్లా కలసపాడు వైపు వెళ్తే అదే ఎర్రనేల, అదే కూలి, అదే చారన్నం. అక్కడి పిల్ల ఆ పథకానికి అర్హురాలు. కొమరోలు పిల్ల కాదు.