వార్డెన్ సంతకం

భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. అప్పటి ఖమ్మం జిల్లాలో ఒకటి గిరిజన మండలం, ఒకటి పట్టణం, ఒకటి పల్లె ప్రాంతం. ఈ మూడింటిలోనూ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి 2009 జూలై నుంచి సూదులు వేశారు. పెద్దయ్యాక గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా అన్నారు. మందు పేరు గార్డాసిల్. మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. ఖర్చు గేట్స్ ఫౌండేషన్ పెట్టుకుంది. గుజరాత్‌లోని వడోదరలో మరో కంపెనీ టీకాతో ఇదే పని సాగింది.

ముందు మందు సంగతి. ఈ కాన్సర్‌కు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. ఆ సంగతి బయటపెట్టినందుకే జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ పైతొడుగు ఎల్1 అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. దాని జన్యువును రొట్టెలు పొంగించే ఈస్ట్‌లోకి ఎక్కిస్తే, ఈస్టే ఆ ప్రొటీన్‌ను తయారుచేసి పెడుతుంది. 360 ఎల్1 అణువులు వాటంతట అవే పేర్చుకుని అచ్చం వైరస్‌లాంటి గుల్లగా మారతాయి. లోపల వైరస్ జన్యుపదార్థం ఉండదు. పప్పు లేని పల్లికాయన్నమాట. దాన్ని చూసి ఒంట్లోని రక్షణ వ్యవస్థ అసలు వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ప్రొటీన్ ఇలా గుల్ల కడుతుందని ఆస్ట్రేలియాలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ ఝౌ 1991లో చూపించారు. శాస్త్రంగా చూస్తే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

వంక అంతా కాగితాల దగ్గరే. సూదులు వేయించుకున్నవారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న కోయ పిల్లలు. తల్లిదండ్రులు ఎక్కడో అడవి గూడేల్లో, పోడు చేలల్లో ఉంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అనుమతి పత్రాలను తర్వాత పరిశీలిస్తే 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్ల సంతకాలే ఉన్నాయి. మరో 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉన్నాయి. వేలిముద్ర వేసిన తల్లికి అందులో ఏం రాశారో ఎవరు చదివి చెప్పారు? కోయ భాషలో చెప్పారా? పిల్ల ఆలనాపాలనా చూసే వార్డెన్ కాన్సర్ టీకాకు ఒప్పుకునే హక్కుదారు ఎలా అవుతారో నాకిప్పటికీ అంతుబట్టదు.

2010 మార్చిలో మహిళా ఆరోగ్య బృందం 'సమ' భద్రాచలం ప్రాంతానికి వచ్చి పిల్లలతో, పెద్దలతో మాట్లాడాక ఈ లోటు లోకానికి తెలిసింది. ఆలోగా రెండు రాష్ట్రాల్లో ఏడుగురు బాలికలు చనిపోయారు, అందులో ఐదుగురు ఇక్కడివారు. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. పురుగుమందు, నీట మునగడం, పాముకాటు, మలేరియా వంటి కారణాలే తప్ప ఈ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని కేంద్రం వేసిన విచారణ సంఘం 2011లో చెప్పింది. ఆ మాట నమ్మదగిందే. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం పాత్‌ను, ఐసీఎంఆర్‌ను, ఔషధ నియంత్రణ అధికారులను గట్టిగా తప్పుబట్టింది. అదీ న్యాయమే. మందు మంచిదైనంత మాత్రాన అడగకుండా వేయడం మంచిది కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవని ఒప్పుకోలేకనే ఏళ్ల తరబడి ఒక వర్గం టీకానే విషమంది, ఇంకో వర్గం గిరిజనుల ప్రశ్నను అజ్ఞానంగా కొట్టిపారేసింది.

ఆ నిలిపివేత ఇంకో పని కూడా చేసింది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని హైదరాబాద్‌తో సహా దేశంలో పలుచోట్ల జరుగుతున్న మరో అధ్యయనమూ 2010 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. దాంతో వేలమంది పిల్లలు ఒక్క డోసుతో మిగిలిపోయారు. పదేళ్లు వాళ్లను గమనిస్తే, ఈ వైరస్‌లో 16, 18 నంబర్ల రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసే 95 శాతం దాకా అడ్డుకుందని 2021లో తేలింది. ఒక డోసు పద్ధతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒప్పుకోవడానికి ఆ ఫలితాలూ ఒక ఆధారం. ఎవరూ అనుకుని చేసిన పరీక్ష కాదది.

ఇప్పుడు పుణెలోని సీరం సంస్థ చేసిన సెర్వావాక్ టీకా కూడా ఉంది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం 2024 మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించింది. దేశంలో ఏటా లక్షా 20 వేలకు పైగా స్త్రీలకు ఈ కాన్సర్ వస్తోంది, కాబట్టి టీకా రావాల్సిందే. గూడేనికి వచ్చినప్పుడు మాత్రం కోయ తెలిసిన ఆశా కార్యకర్త తల్లి ఎదుట కూర్చుని విడమరచి చెప్పాలి. వద్దంటే వదిలేయాలి.

2009లో చేయి చాచిన పిల్లలు ఇప్పుడు 30 ఏళ్ల దరిదాపుల్లో ఉన్నారు. గర్భాశయ ముఖద్వార పరీక్ష మొదలుపెట్టాల్సిన వయసది. కాన్సర్ తెచ్చే వైరస్ రకాల్లో, సుమారు 70 శాతం కేసులకు కారణమైన ఆ రెండింటినే గార్డాసిల్ అడ్డుకుంటుంది, కాబట్టి వేయించుకున్నవారికీ పరీక్ష తప్పదు. భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల వైద్యాధికారులు పాత జాబితాలు తీసి, ఆ 14 వేల మందిని వెతికి పిలిచి పరీక్షించాలి.