మీకు తెలుసా? ఫైబ్రోసిస్ అంటే ఏమిటో!

మెడికల్ రిపోర్టులో ‘ఫైబ్రోసిస్’ అని ఉంటే, అక్కడి మెత్తటి కణజాలంలో గట్టి మచ్చ కణజాలం పేరుకుందని అర్థం. గాయం మానడానికి కొలాజెన్ అనే ప్రోటీన్ కావాలి. దెబ్బ రోజూ తగులుతూనే ఉంటే మాత్రం కొలాజెన్ తయారీ ఆగక, అదే మచ్చగా పేరుకుంటుంది. కాలేయంలో ఇది బాగా ముదిరితే సిర్రోసిస్ అంటారు. ఊపిరితిత్తుల్లో అయితే ఆయాసం మొదలవుతుంది.

మన దేశంలో నోటికి వచ్చే ఫైబ్రోసిస్ మరీ బాధాకరం. దానికి ప్రధాన కారణం వక్క. అందులోని అరెకోలిన్ అనే రసాయనం కొలాజెన్‌ను పెంచుతుంది. మొదట మామూలు కూర కారమే భగ్గుమంటుంది. తర్వాత బుగ్గల లోపలి పొర పాలిపోతుంది, తడిమితే గట్టి పట్టీలు వేలికి తగులుతాయి. చివరికి, మూడు వేళ్లు నిలువుగా పట్టాల్సిన నోట్లో ఒక్క వేలు పట్టడమే గగనమవుతుంది. కొందరిలో ఇది క్యాన్సర్‌కూ దారితీస్తుంది.

పొగాకు లేని పాన్ మసాలా అయితే ఫర్వాలేదనుకుంటారు చాలామంది. అందులోనూ వక్కే ఉంటుంది! వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే ప్రకటించింది. వక్క మానేసినా బిగిసిన నోరు పూర్తిగా మునుపటిలా కావడం కష్టం. కాబట్టి కారం మంట మొదలైనప్పుడే దంతవైద్యులకు చూపించుకోవాలి.