మీకు తెలుసా? వెలిగొండ కింద ఎనిమిది కాళ్ల వేటగత్తెలు

కంపచెట్టులో ఒక ఊరు

వెలిగొండ కొండల కింద ఉన్న ఉదయగిరి, సీతారామపురం లాంటి మెట్ట మండలాల్లో కంచెలకు, రేగుపొదలకు, తుమ్మకొమ్మలకు కొదవ లేదు. ఇలాంటి ముళ్ల మధ్య ఒక్కోసారి మురికిపట్టిన దూదిముద్దలా ఒక గూడు కనిపిస్తుంది. దాని నిండా బొక్కలుంటాయి. చుట్టూ జల్లెడలాంటి వల పరుచుకుని ఉంటుంది. పుల్లతో మెల్లగా కదిపితే ఒక బొక్కలోంచి రెండు, మరో బొక్కలోంచి నాలుగు సాలీళ్లు పరుగెత్తుకొస్తాయి. అది ఒక్కదాని ఇల్లు కాదు, వందల సాలీళ్లు కలిసి బతికే ఊరు. శాస్త్రజ్ఞులు దీన్ని స్టెగోడిఫస్ సారసినోరమ్ అంటారు. చిత్తూరు జిల్లా కుప్పం చుట్టుపక్కల ఈ గూళ్ల మీద పరిశోధనలు జరిగాయి.

ఇందులో వింతేముంది అంటారా? సాలీడు మామూలుగా తన జాతిదాన్నే చూసి ఓర్వలేదు, చేతికి చిక్కితే తినేస్తుంది. ప్రపంచంలో ఇప్పటిదాకా పేర్లు పెట్టిన సాలీడు జాతులు 50 వేలు దాటాయి. వాటిలో ఇలా జీవితాంతం ఉమ్మడి కాపురం చేసేవి కొద్ది డజన్లకు మించవు. ఈ ఊళ్లో ఆడవాళ్లే ఎక్కువ. పెద్ద మిడత పడితే అందరూ కలిసి లాగుతారు, కలిసి తింటారు. తల్లి తాను తిన్నదాన్ని ద్రవంగా కక్కి పిల్లలకు పెడుతుంది. పెట్టి పెట్టి ఇక పెట్టడానికేమీ మిగలనప్పుడు పిల్లలు తల్లినే తినేస్తాయి. ఆమె పారిపోదు. ఆఫ్రికాలో ఉండే వీటి దగ్గరి చుట్టాల్లో అయితే పిల్లలు కనని పిన్నమ్మలు కూడా ఇలాగే ఆహారమవుతారు. ఉమ్మడి కుటుంబాల గొప్ప చెప్పేవాళ్లు ఈ ఉదాహరణ వాడకపోవడమే మేలు.

వరి కుదుళ్లలో కూలి అడగని మనిషి

సోమశిల నీళ్లు పారే ఆత్మకూరు, అనంతసాగరం వైపు వరిపైరులో దిగి, ఒక దుబ్బును పక్కకు వంచి మొదట్లో చూడండి. నీటి మీద మునగకుండా పరుగెత్తే బూడిదరంగు సాలీడు కనిపిస్తుంది. ఇది వల కట్టదు, వెంటాడి పట్టుకుంటుంది. ఆడదైతే పొట్ట చివర తెల్లటి గుండ్రటి మూట అంటుకుని ఉండొచ్చు. అది గుడ్ల సంచి. దాన్ని ఎక్కడికైనా మోసుకునే పోతుంది. గుడ్లు పొదిగాక పిల్లలన్నీ తల్లి వీపెక్కి, ఒకదాని మీద ఒకటి సర్దుకుని కూర్చుంటాయి. రాత్రిపూట టార్చిలైటు కళ్ల దగ్గర పెట్టుకుని గట్టు మీదికి వేస్తే గడ్డిలో పచ్చగా మెరిసేవి చాలావరకు వీటి కళ్లే.

దీనికి ఇష్టమైన తిండి రైతు నిద్ర చెడగొట్టే సుడిదోమ. ఇక్కడే తిరకాసంతా ఉంది. దోమ కనిపించిందని మందు కొడితే దోమతోపాటు సాలీడూ పోతుంది. కానీ దోమ గుడ్లు వరి ఆకు తొడుగుల లోపల భద్రంగా ఉంటాయి. అవి పొదిగేసరికి తినేవాళ్లెవరూ ఉండరు. పైరు సుడులు సుడులుగా మాడిపోతుంది. ఇండోనేషియాలో ఈ దెబ్బ తట్టుకోలేక 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద వాడే 57 రకాల పురుగుమందులను ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది. సాలీడును కాపాడటానికి కాదు, అన్నం కోసం.

లోకం మొత్తం మీద సాలీళ్లు ఏటా తినే పురుగుల బరువు 40 నుంచి 80 కోట్ల టన్నులని 2017లో ఇద్దరు యూరప్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

నూట రెండేళ్లు కనపడని నీలి సాలీడు

గుత్తిలో రైల్వే కలప దగ్గర దొరికిన ఒక పెద్ద సాలీడును 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. ఒళ్లంతా మిలమిల మెరిసే నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు. ఆ తర్వాత దాని జాడే లేదు. మళ్లీ 2001లో నంద్యాలకు, గిద్దలూరుకు మధ్య అడవిలో కనిపించింది. అసలు ఇల్లు అది, గుత్తికి బహుశా దుంగల్లో కూర్చుని రైలెక్కి వచ్చి ఉంటుంది. ఉదయగిరి నుంచి గిద్దలూరు మరీ దూరమేమీ కాదు. అయినా ప్రపంచంలో ఇది సహజంగా బతికేది ఆ చిన్న అడవిముక్కలోనే, నూరు చదరపు కిలోమీటర్ల లోపు అని చాలాకాలం అనుకున్నారు. పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది కాబట్టి చెట్టు కొడితే ఇల్లు పోయినట్టే. ఆ నీలం రంగుపూత కూడా కాదు. వెంట్రుకల లోపలి అతిసూక్ష్మమైన నిర్మాణం మీద వెలుగు పడి తిరిగొచ్చే తీరు వల్ల అలా కనిపిస్తుంది. విదేశాల్లో దీన్ని గాజుపెట్టెల్లో పెంచుకునేవాళ్లు వేలమంది. మన రాష్ట్రానికి చెందిన ఈ ప్రాణిని మనలో చూసినవాళ్లు ఎంతమంది?

చిన్నచిన్న విడ్డూరాలు

చచ్చిన సాలీడు కాళ్లు ఎందుకు ముడుచుకుంటాయి? వాటి కాళ్ల ముఖ్యమైన కీళ్లలో ముడవడానికి కండరాలున్నాయి, చాపడానికి లేవు. లోపలి ద్రవాన్ని ఒత్తిడితో పంపి చాపుతాయి. ప్రాణం పోతే ఒత్తిడీ పోతుంది.

ఆ ద్రవం ఎర్రగా ఉండదు. మన నెత్తుటిలో ఇనుము చేసే పనిని వాటిలో రాగి చేస్తుంది. అందుకే గాలి సోకితే లేత నీలం.

గుండ్రటి వల అల్లే సాలీళ్లలో చాలా జాతులు పాత వలను పారేయవు. తినేసి, ఆ సరుకుతోనే కొత్తది అల్లుతాయి.

సాలీడు పిల్లలు గాలిలోకి దారం వదిలి ఎగిరిపోతాయి. 1832లో డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడ మీద, తీరానికి 60 మైళ్ల దూరంలో అవి వేలకొద్దీ వచ్చి వాలాయి. గాలి ఒక్కటే కాదు, వాతావరణంలోని విద్యుత్తు కూడా వాటిని పైకి లేపగలదని 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో తేలింది.

శ్రీకాళహస్తిలో శివుడికి దారాలతో గుడి కట్టిన సాలీడు మనందరికీ తెలిసిందే. దీపం ఆ గుడిని కాల్చేసిందని దీపాన్నే మింగబోయిందట. ఆ కథను కావ్యంగా చెప్పిన ధూర్జటి, 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్న కృష్ణదేవరాయల ఆస్థానంలో ఉన్నవాడని ప్రతీతి. గుడి సంగతేమో కానీ సాలీడు దారంతో గుడ్డ మాత్రం నేశారు. మడగాస్కర్‌లో పది లక్షలకు పైగా సాలీళ్లను పట్టి, దారం లాగి, మళ్లీ వదిలేసి నేసిన బంగారురంగు వస్త్రాన్ని 2009లో న్యూయార్క్‌లో ప్రదర్శించారు. రంగు అద్దలేదు, ఆ దారం రంగే అది.

ఇంట్లో బూజు కర్రకు చిక్కే సన్నకాళ్ల సాలీడును ఒకసారి దగ్గరగా చూడండి. ఆడదైతే గుడ్ల ముద్దను నోటితో పట్టుకుని వేలాడుతూ ఉండొచ్చు. పొదిగేదాకా వదలదు. అది తినేవాటిలో దోమలూ ఉన్నాయి. గోడ మీద అరచెయ్యంత కనిపించి భయపెట్టే పెద్ద సాలీడు బొద్దింకల కోసం వచ్చింది, మీ కోసం కాదు.

ఒక్క మాట, ఇది మాత్రం గుర్తుంచుకోండి

నడుముకో ఛాతీకో ఒక పక్కన పట్టీలా నీటిపొక్కులు లేస్తే సాలీడు పాకిందనీ, దాని ఉచ్చ పడిందనీ ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. మంత్రం వేయించి పసర్లు పూస్తారు. అది సర్పి. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి తగ్గాక నరాల్లో దాక్కున్న వైరస్, వయసు మీదపడ్డాకో ఒళ్లు నీరసించాకో మళ్లీ లేస్తుంది. సాలీడుకు ఏ సంబంధమూ లేదు. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. కాబట్టి మంత్రానికి కాదు, ఆసుపత్రికి పోండి. కంటి దగ్గర లేస్తే మర్నాటిదాకా కూడా ఆగొద్దు.