ఆర్‌సెప్‌లో మన దేశం చేరలేదు: మీ చిన్న యూనిట్‌కు ఏంటి లాభం?

ఆర్‌సెప్ అంటే ఆసియా పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమి. 2019 నవంబర్ 4న మన దేశం ఆ చర్చల నుంచి తప్పుకుంది. చేరి ఉంటే చైనా వస్తువులు, న్యూజిలాండ్ పాలపొడి లాంటి వాటిపై దిగుమతి సుంకం తగ్గేది. ఇక్కడ తయారుచేసే వాళ్లకు ఆ పోటీ కొంత తప్పింది.

అయితే ఒకటి గుర్తుంచుకోండి. చైనా సరుకు రావడం ఆగలేదు. ఆసియాన్, జపాన్, కొరియాలతో పాత ఒప్పందాలు అలాగే ఉన్నాయి. కాబట్టి ముందు టోకు మార్కెట్‌లో ధర కనుక్కోండి. ఆ ధరకు మీరు ఇవ్వగలిగితేనే యూనిట్ పెట్టండి.

పెట్టుబడికి పీఎంఈజీపీ పథకం:

• తయారీ యూనిట్ ఖర్చు రూ.50 లక్షల వరకు.
• గ్రామాల్లో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు సబ్సిడీ 35%, సొంత వాటా 5%.
• గ్రామాల్లో మిగతావారికి సబ్సిడీ 25%, సొంత వాటా 10%.
• ఖర్చు రూ.10 లక్షలు దాటితే 8వ తరగతి పాసై ఉండాలి.

సబ్సిడీ చేతికివ్వరు. మూడేళ్లు బ్యాంకులోనే ఉంచి, యూనిట్ నడుస్తుంటేనే అప్పులో సర్దుతారు. మధ్యలో మూసేస్తే అప్పంతా మీ మీదే పడుతుంది.

దరఖాస్తు ఉచితం. దళారులకు పైసా ఇవ్వకండి. సందేహాలుంటే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.